లాప్‌టాపునకు పీట

లాప్‌టాపు అను మాటకు ఒడిలో నుంచుకొనదగినది యని యర్థము. ఆ పేరు పెట్టినవారికి మన వైశాఖమాసపు టెండలు తెలియవు కాబోలు. కరీంనగరము, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మలు, ఆదిలాబాదు ప్రాంతములయందు ఏప్రిలు నడుమనుండి తొలకరి పడువఱకు మధ్యాహ్నపు వేడిమి 42, 43 డిగ్రీలుండుట సామాన్యము. 45 డిగ్రీలను ముట్టు దినములును కలవు. రెండు పాత జిల్లాలు 2016వ సంవత్సరమున పెక్కు జిల్లాలుగా విడిపోయినవి గాని యెండ మాత్రము విడిపోలేదు. అట్టి దినమున ఆ యంత్రమును ఒడిలో నుంచుకొని పనిచేయుట, కుంపటిని ఒడిలో నుంచుకొనుటకు మిక్కిలి దూరము కాదు.

ఇది చదువుకొను పిల్లలు చూచుకొనవలసిన సంగతి గదా, గృహిణుల పత్రికలో దీనికి తావేల యని కొందఱకు తోచవచ్చును. మాకట్లు తోచలేదు. బాసరయందు 2008వ సంవత్సరమున, జనులు ట్రిపుల్ ఐటీ యని పిలుచు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము వెలసినపుడు, పల్లెటూళ్ళ ప్రభుత్వ పాఠశాలలనుండి వచ్చిన బాలబాలికలకు తొలి సంవత్సరములయందు లాప్‌టాపులు ఇచ్చి చదువు చెప్పిరి. జ్ఞానసరస్వతి సన్నిధిని పలకపై ఓనమాలు దిద్దిన పిల్లలే, పదవ తరగతి ముగిసిన పిమ్మట మఱల ఆ యూరికే పోయి యీ క్రొత్త పలకను చేతబట్టిరి. తరువాత 2020వ సంవత్సరమున కరోనా వచ్చి నగరములయందలి కచేరీలు మూతపడగా, హైదరాబాదున కొలువు చేయు మన కుమాళ్ళు, కోడండ్రు, కూతుండ్రు ఆ యంత్రములతోడ ఇండ్లకు తిరిగి వచ్చిరి. ఆ యేటనే కరీంనగరమునందు ఐటీ టవరు తెఱవబడెను. ఇంజనీరింగు ప్రవేశపరీక్షయు కంప్యూటరు మీదనే వ్రాయవలసి యున్నది; అదియు ఎండలు మండు మే నెలలోనే తఱచుగా జరుగును. గల్ఫు దేశములయందున్న భర్త ముఖమును సాయంకాలము పిల్లలకు చూపుటకును కొన్ని యిండ్లలో నిదియే సాధనము.

ఇంతకును ఆ యంత్రము వెల 40 వేలో 50 వేలో యుండును. మహిళాసంఘపు అప్పునుండియో, చీటీ పాడిన సొమ్మునుండియో తల్లి దానిని కొనిపెట్టియుండును. రెండేండ్లు తిరుగకముందే అది వేడెక్కి, మందగించి, నడుమ నడుమ ఆఱిపోవుచుండగా, “అమ్మా, ఇది పాతదైనది, వేఱొకటి కావలె” నని పిల్లవాడు అడుగును. క్రొత్త యంత్రము కొనవలెనా, 500 రూపాయల పీటతో సరిపోవునా, లేక ఏమియు కొననక్కఱలేదా యని తేల్చవలసినది ఇంటి సొమ్ము చేతబట్టుకొన్న యామెయే. అందుచేత నీ సంగతి ఆమెకు తెలిసియుండవలెను.

ముందుగా ఆ వేడి యెక్కడిదో చూతము. యంత్రము లోపల ప్రాసెసరను చిన్న బిళ్ళ యొకటి కలదు. లెక్కలన్నియు చేయునది యదియే. అది తిను విద్యుత్తంతయు తుదకు వేడిగా మాఱును. పాఠములు చూచుట, ఉత్తరములు వ్రాయుట వంటి పనులకు యంత్రమంతయు కలిసి 15 మొదలు 30 వాట్లవఱకు తినును. అనగా పూర్వము వంటయింట వ్రేలాడిన చిన్న తీగబల్బు పాటి. ఆటలకొఱకును, బొమ్మలు గీయుటకొఱకును చేసిన పెద్ద యంత్రములు 100 వాట్లకు మించి తినును. ఈ వేడిని బిళ్ళనుండి లాగుకొనిపోవుటకు చదునైన రాగి గొట్టములు అమర్చబడి యుండును. వానిలో నుండు కొంచెపు ద్రవము వేడిచోట ఆవిరియై, అవతలి కొనకు పోయి, అక్కడ మఱల ద్రవమై తిరిగి వచ్చును. ఆ కొనయందు దువ్వెనపండ్లవలె పలుచని రేకులు కలవు. చిన్న ఫ్యాను అడుగునందలి రంధ్రములనుండి గాలిని పీల్చి ఆ రేకులగుండ వెలుపలికి నెట్టును. రామగుండపు విద్యుత్కేంద్రమున ఆవిరిని చల్లార్చుటకు గోదావరి నీరు ఏ పని చేయుచున్నదో, ఇందు గాలి ఆ పనియే చేయుచున్నది.

బిళ్ళ వేడిమి 95, 100 డిగ్రీల దరికి వచ్చినపుడు యంత్రము తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గకున్నచో ఆఱిపోవును. పాతదైనదని పిల్లలు తలచు యంత్రములయందు పెక్కింటికి రోగమిదియే. ఉదయము చుఱుకుగా నుండి మధ్యాహ్నము మందగించుచున్నచో, ఫ్యాను ఎడతెగక రొద చేయుచున్నచో, అది ముసలితనము కాదు, ఉక్కిరిబిక్కిరి.

ఇక బజారునందు కూలింగు ప్యాడను పేర నమ్ము ఫ్యానుల పీటను గూర్చి. దీనిని కొనగానే యంత్రము మంచుగడ్డవలె నగునని కొందఱి తలపు. మన యింటి రంజనును చూచినచో ఆ తలపులోని పొరపాటు తెలియును. గాలి వీచినకొలది రంజను గోడలయందలి చెమ్మ ఆవిరియై పోవుచు, తనతో వేడిని తీసికొనిపోవును. అందుచేత లోని నీరు చుట్టునున్న గాలికంటెను చల్లనగును. మన యొడలి చెమటయు నిట్టిదే. లాప్‌టాపునకు చెమట లేదు. ఎంత గాలి విసరినను అది గదిలోని గాలికంటె చల్లన కాజాలదు. గదిలో 40 డిగ్రీల వేడియున్నచో ఫ్యానుల పీట విసరునదియు 40 డిగ్రీల గాలియే. లోపలి వేడి త్వరగా వెలుపలికి పోవుటకు అది తోడ్పడును. అంతియే దాని సామర్థ్యము.

పెక్కు కంపెనీలు తమ యంత్రములను 35 డిగ్రీలకు మించని గాలిలో వాడుకొనుడని యంత్రముతోడి కాగితములయందే వ్రాసియిచ్చుచున్నవి. మే నెల మధ్యాహ్నమున మన డాబా యింటి మేడగది ఆ మేరను యంత్రము తెఱవకముందే దాటియుండును. పగలంతయు కాగిన కప్పు నడిరేయివఱకు వేడిని గదిలోనికి దింపుచునే యుండును. కావున పీటకంటె ముందు గది, గదికంటెను ముందు వేళ చూచుకొనవలెను. క్రింది గది, ఉత్తరపు గోడ వైపు, చెట్టునీడ పడు కిటికీ, ఇవి యేమియు వెల లేనివి. గూనపెంకుల పాతయిల్లు ఇంకను నిలిచియున్నవారు అదృష్టవంతులు. వేకువ 4 గంటలనుండి 8 గంటలవఱకు చదువు సాగించినచో పిల్లకును మేలు, యంత్రమునకును మేలు. పెద్ద పనులన్నియు అప్పుడు చేసికొని, మధ్యాహ్నము కాగితపు పుస్తకము చదువుకొనుట తక్కువతనము కాదు గదా.

మన ప్రాంతమున కూలరు లేని యిల్లు అరుదు. ఎండ పొడిగా నుండుటచేత నిక్కడ కూలరు చక్కగా పనిచేయును. రంజను ధర్మమే దానిదియు. గది 40 డిగ్రీలనుండి 30 దరికి దిగినచో యంత్రమునకు అంతకు మించిన యుపకారము ఏ పీటయు చేయజాలదు. అయితే కూలరు ముఖమునకు ఎదురుగా మాత్రము యంత్రము నుంచరాదు. గాలితోబాటు సన్నని నీటిబొట్లు వచ్చి మీటల సందులలో దూఱును. బోరునీటి యుప్పు తేలిన కూలరైనచో ఆ బొట్లు ఆఱినచోట తెల్లని పొర కట్టును. గదికి అడ్డముగా వీచుచు, యంత్రమునకు ఎనిమిది పది అడుగుల దూరముననుండునట్లు కూలరును త్రిప్పుకొనవలెను. కిటికీ యొకటి తెఱచియుంచవలెను. తడిగుడ్డ క్రింద పఱచుట, మంచుగడ్డల సంచి అడుగున నుంచుట, ఇవి కొందఱు చేయు పనులు. చల్లని లోహముపై చెమ్మ పేరుకొనుట మజ్జిగ చెంబుపై మనము ప్రతిదినము చూచుచునే యున్నాము. ఆ చెమ్మ యంత్రము లోపల పేరుకొన్నచో 50 వేలు నీటిపాలే.

వేళయు, గదియు కుదిరిన పిమ్మట పీట మాట. పీట యేల కావలెననగా, యంత్రము ముక్కు అడుగుననున్నది గనుక. పరుపుమీదను, మెత్తమీదను, గొంగడిమీదను యంత్రమును పెట్టినచో ఆ రంధ్రములు మూసికొనిపోవును. మనిషి బోరగిల పండుకొని మెత్తలో ముఖము దాచుకొన్నట్లగును. కొంచెపు గట్టి పలకపై పెట్టినను మేలే. వెనుకభాగమును రెండంగుళములు ఎత్తినచో మఱింత మేలు. సీసామూతలు రెండు వెనుక కాళ్ళక్రింద నుంచి చూడుడు. ఫ్యాను రొద తగ్గినచో మీకు కావలసినది ఫ్యానులు లేని వట్టి స్టాండే యని తెలియును. కానీ ఖర్చు లేని పరీక్ష యిది. దుకాణమునకు పోవుటకు ముందే దీనిని చేయవలెనని మా సలహా.

స్టాండులలో రెండు తీరులవి కలవు. ఎత్తు మిక్కిలి లేక వెనుకవైపు మాత్రము లేచియుండునది మొదటిది. దీనిపై నుంచి మీటలు నేరుగా కొట్టవచ్చును. రెండవది పురాణము చదువు వ్యాసపీఠమువలె కాళ్ళు అడ్డముగా మడిచి విప్పునది. తెరను కంటియెత్తునకు తెచ్చును. మెడ వంచి దినమెల్ల పనిచేయు కోడలికి ఇది మిక్కిలి హితమైనది. కాని చేతులు గాలిలో నుంచి మీటలు కొట్టుట కష్టము; వేఱుగా కీబోర్డును, మౌసును కొనవలసివచ్చును. ఆ ఖర్చును ముందే లెక్కించుకొనవలెను. లోహపుదా, కఱ్ఱదా యను శంక పెట్టుకొననక్కఱలేదు. చల్లబఱచునది లోహము కాదు, క్రింద విడిచిన సందు. అడుగు మూతపడని పక్షమున టేకుకఱ్ఱ స్టాండు అల్యూమినియపు దానికి తీసిపోదు. ఆదిలాబాదు అడవులు టేకునకు పేరుపడినవి. ఊరి వడ్రంగి యొక జామునందు చేసి పెట్టగలడు. అడుగు పొడవుగల వాలు పట్టెలు రెండు, వానిని కలుపు అడ్డపట్టెలు రెండు, ముందువైపున జారకుండ అరయంగుళపు అడ్డు, కాళ్ళకు రబ్బరు ముక్కలు: ఇంతియే. మేదరివారి వెదురు పలకయు బాగుండును, సందులు విడిచి అల్లినచో. నిర్మలు బొమ్మలు చేయు పొణికికఱ్ఱ మాత్రము దీనికి తగదు. అది మెత్తనిది, తేలికైనది, బొమ్మలకే దాని సొగసు.

ఫ్యానుల పీట ఎవరికి కావలెననగా, వట్టి స్టాండు పెట్టి చూచిన పిమ్మటను వేడి తగ్గనివారికి. ఆటలయంత్రములకును, బొమ్మలు కూర్చు పెద్ద పనులకును అది యక్కఱకు వచ్చును. కొనబోవునపుడు లాప్‌టాపును వెంట తీసికొనిపొండు. దానిని బోరగిల త్రిప్పి అడుగున రంధ్రము లెక్కడ నున్నవో చూడుడు. పీట ఫ్యానులు సరిగా ఆ చోటునకు ఎదురుగా రావలెను. రంధ్రములు వెనుక నుండగా నడుమ ఫ్యానున్న పీట కొన్నచో, ప్రక్కయింటి కిటికీకి విసనకఱ్ఱ వీచినట్లే. అడుగున రంధ్రములే లేని పలుచని యంత్రములును, లోపల ఫ్యానే లేని యంత్రములును నేడు కలవు; వానికి వట్టి స్టాండు చాలును. చిన్న ఫ్యానులు ఆఱున్న పీటకంటె పెద్ద ఫ్యాను ఒకటి రెండు గలదే మేలని మా యభిప్రాయము. పెద్దది మెల్లగా తిరిగి యెక్కువ గాలి నిచ్చును, రొదయు తక్కువ. పైన ఇనుపవల యుండవలెను. ప్లాస్టికు పలకకు నాలుగు తూట్లు పొడిచినది కాదు. 15 అంగుళముల యంత్రమునకు 14 అంగుళముల పీట కొనరాదు. ఎఱ్ఱ, నీలి దీపములు వెలుగు పీటలకు ఆ దీపముల వెలయు కలిపి పుచ్చుకొందురు. చల్లదనమునకును వానికిని సంబంధము లేదు.

ఈ ఫ్యానులు యంత్రముయొక్క యూఎస్‌బీ రంధ్రమునుండియే విద్యుత్తు తీసికొనును. అది రెండు మూడు వాట్లే గాని, కరెంటు పోయి బ్యాటరీపై నడచునపుడు ఆ కొంచెమును లెక్కకు వచ్చును. ప్రక్కకు తగిలించి వేడిగాలిని లాగు చిన్న యంత్రములును అమ్మకమునకు కలవు. అవి యన్ని లాప్‌టాపులకును అతుకవు. అతుకనిచో వట్టి రొదయే మిగులును.

ధూళి మాట చెప్పక ఈ వ్యాసము ముగించుట మన ప్రాంతమువారికి తగదు. ఆదిలాబాదున పత్తి వచ్చు దినములయందు నూగు గాలిలో తేలియాడును. గోదావరిఖని, మందమఱ్ఱి, బెల్లంపల్లి యిండ్లలో సాయంకాలము తుడిచిన గచ్చు ఉదయమునకు బొగ్గుపొడితో నల్లనగును. కరీంనగరపు చుట్టుపట్ల గ్రానైటు రాతిపొడి కలదు. బీడీలు చుట్టు ఇండ్లలో తంబాకు నలుసు. ఇవన్నియు గాలితోబాటు యంత్రపు ముక్కులోనికి పోయి, ఆ దువ్వెనపండ్ల రేకులయందు ఇఱుకుకొని, కొంతకాలమునకు గొంగడి ముక్కవలె దళసరిగా పేరుకొనును. అప్పుడు లోపలి ఫ్యాను ఎంత తిరిగినను గాలి వెలుపలికి పోదు. అట్టి యంత్రము క్రింద ఫ్యానుల పీట పెట్టుట, పొగగొట్టము మూసికొనిపోయిన పొయ్యిని ఊదినట్లగును. మీదుమిక్కిలి ఆ పీట నేలపైని దుమ్మును లేపి లోపలికే కొట్టును. రెండేండ్లుగా ఒక్కమాఱును తెఱచి శుభ్రపఱుపని యంత్రమైనచో, ముందు ఆ పని చేయించి, పిమ్మట పీట కావలెనో వలదో చూడుడు. బాగుచేయువాడు రేకులు శుభ్రము చేసి, బిళ్ళకును రాగికిని నడుమ నుండు ఎండిపోయిన థర్మల్ పేస్టును మార్చును. ఈ పనికి అగు ఖర్చు తఱచుగా మంచి ఫ్యానుల పీట వెలకు మించదు. ఫలము మాత్రము దానికంటె నెక్కువ. పని మీ కన్నుల యెదుట చేయుమని యడుగుడు. అడుగుటలో మొగమాటమేల?

వేడిచేత బాధపడునది యంత్రమే కాదు. స్విట్జర్లాండునందలి బాసెలు నగరపు వైద్యులు 2010వ సంవత్సరమున పన్నెండేండ్ల బాలుని సంగతి ప్రకటించిరి. వాడు కొన్ని నెలలపాటు ప్రతిదినము కొన్ని గంటలు లాప్‌టాపును ఒడిలో నుంచుకొని ఆటలాడెను. ఎడమవైపు వేడిగా నున్నదని తెలిసియు మార్చుకొనలేదు. ఎడమ తొడపై వలవంటి గోధుమరంగు మచ్చలు తేలెను. చర్మము కాలునంత వేడి యది కాదు. నిప్పుసెగ దగ్గఱ దినదినము కూర్చుండువారికి వచ్చునట్టి మచ్చయే. చలిదేశమున నట్లయినచో ఇక్కడ నేమి చెప్పవలెను? బీడీల చాట ఒడిలో నుండుటకు అలవాటుపడిన యిండ్లలో లాప్‌టాపును అదే తీరున ఒడిలోనికి తీసికొనుట సహజముగా తోచును. ఏమియు దొరకనపుడు ఆ చాటనే బోరగిల త్రిప్పి పైన యంత్రము నుంచుకొన్నను తొడలకు కొంత రక్ష. ఆడుపిల్లలకు ఈ మాట తల్లియే చెప్పవలెను.

ఇక బ్యాటరీ. లిథియము బ్యాటరీకి వేడి పరమశత్రువు. వేడిలో నిండుగా చార్జిచేసి, తీగ తీయక దినమెల్ల ఉంచినచో త్వరగా చచ్చును. 80 పాళ్ళతో చార్జి నిలుపు ఏర్పాటు పెక్కు యంత్రములయందు కలదు. పిల్లలను అడిగి దానిని పెట్టించుడు. బస్సులో ఎండతగులు సీటుపైనను, ఆపియుంచిన కారులోను యంత్రమును విడువరాదు. మూత సరిగా మూసికొనక ఒకమూల లేచినను, మీటల నడుమ ఉబ్బు కనబడినను, అడుగు చదునుగా నిలువక ఊగుచున్నను, బ్యాటరీ పొంగినదని తెలిసికొనుడు. అప్పుడు స్టాండును వలదు, ఫ్యానుల పీటయు వలదు. వెంటనే ఆపి, తీగ తీసి, చార్జి పెట్టక, పిల్లలకు అందని చోట నుంచి, బాగుచేయువానియొద్దకు పంపవలెను. పొడిచినను, వంచినను అది అంటుకొనును. ఆ రాత్రియే పరీక్షకు చదువుకొనవలసి యున్నదని బిడ్డ వేడుకొన్నను ఒప్పుకొనరాదు; ప్రక్కయింటివారి యంత్రము అడిగి తెచ్చుకొనుటయే మేలు.

వెలల మాట. నేడు బజారున మడత స్టాండులు 500 రూపాయల చుట్టుపట్ల మొదలగును. ఓపికగల ఫ్యానుల పీట వేయి దాటును. కరీంనగరపు టవరు సర్కిలు దుకాణములయందు గాని, మీ యూరి మొబైలు దుకాణమునందు గాని, యంత్రమును దానిపై నుంచి, మూత తెఱచి, మీటలు కొట్టి చూడుడు. ఊగినచో తిరిగి యిచ్చివేయుడు. ఫ్యానులు త్రిప్పించి చెవి దగ్గఱ పెట్టుకొని వినుడు. రేపు రాత్రి ఇల్లు నిదురించు వేళ ఆ చప్పుడు వినవలసినవారు మీరే.